తేట నీళ్ళలో పస్తులుంటున్న పగడాలు

ప్రశ్న: అక్కా, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారివి రొయ్యల చెరువులు. నేను ఇంటి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటూ పది నెలల కిందట నాలుగడుగుల పగడాల ట్యాంకు పెట్టాను. కింద ఉన్న సంపు తొట్టితో కలిపి 250 లీటర్ల నీళ్ళు. జీవం లేని ఎండు రాయితో మొదలుపెట్టాను. రెండు క్లౌన్ చేపలు, ఒక గోబీ చేప, ఒక క్లీనర్ రొయ్య ఉన్నాయి. పగడాల్లో జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, ఒక లెదర్. నీళ్ళు పాడవుతాయన్న భయంతో రోజు విడిచి రోజు మేత వేస్తాను. మురికిని నురగగా లాగే స్కిమ్మర్ 24 గంటలూ నడుస్తుంది. ఫాస్ఫేట్ పీల్చే ఐరన్ గుళికలు పెట్టాను. సంపులో కీటో నాచుకి 16 గంటల లైటు ఇస్తాను, రోజూ 20 మి.లీ. వెనిగర్ పోస్తాను, వారానికి 20 శాతం నీళ్ళు మారుస్తాను. నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. అసలు సముద్రంలోనూ ఇంతేనని మిత్రులు మెచ్చుకున్నారు. కానీ మూడు వారాలుగా లెదర్ విచ్చుకోవడం లేదు. జోవాంథిడ్లు చిక్కిపోతున్నాయి, మష్రూమ్‌లు పాలిపోయాయి. ఇప్పుడు ఇసుక మీద బుడగలతో గోధుమ రంగు జిగురు పట్టింది. నీళ్ళు ఇంకా ఎక్కువ మార్చాలా? నాన్నగారేమో "కాస్త యూరియా, సూపర్ ఫాస్ఫేట్ వెయ్యరా, రంగు తిరుగుతుంది" అంటున్నారు. అంతర్వేది నుంచి సముద్రపు నీళ్ళు తెచ్చి పోయొచ్చా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

సమాధానం: తమ్ముడూ, ముందు నీళ్ళు మార్చడం ఆపు. నీ పగడాలకు జబ్బేమీ రాలేదు, అవి పస్తులుంటున్నాయి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ వాటి ముందున్న నాలుగు మెతుకులు కూడా తీసేస్తున్నావు. నీ శ్రద్ధలో లోపం లేదు. మురికి చేరకుండా చూడటం నీకు అందరూ నేర్పారు, తిండి లేకపోతే ఏమవుతుందో మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

మీ నాన్నగారు చెప్పిన మందు వద్దు. కానీ ఆయన పట్టుకున్న లోపం నిజమైనదే. భీమవరంలో ఆక్వా ల్యాబులో కూర్చుని 18 ఏళ్ళుగా చెరువు నీళ్ళు చూస్తున్నాను. అడుగు కనిపించేంత తేటగా ఉన్న చెరువులో పిల్ల వదిలే రైతుని నేను చూడలేదు. నీళ్ళకి రంగు కట్టాలి, అప్పుడే సీడ్. రంగు కట్టిన చెరువు ఒక్క రాత్రిలో తేటబడిందంటే తెల్లారేసరికి సీసాలో నీళ్ళు పట్టుకుని మా ల్యాబు గుమ్మంలో ఉంటారు. ఆ రంగు ప్లాంక్టన్‌ది, అంటే నీళ్ళలో తేలే సూక్ష్మజీవులది. ప్లాంక్టన్ బతకాలంటే నత్రజని, భాస్వరం ఉండాలి.

నీ ట్యాంకులో నీళ్ళకి రంగు అక్కర్లేదు. ఆ రంగు పగడం ఒంట్లోనే ఉంది. నీ జోవాంథిడ్లు, మష్రూమ్‌లు, లెదర్, వీటన్నిటి కండలోనూ కంటికి ఆనని నాచు కణాలు కాపురముంటాయి. వాటిని జూజాంథెల్లే అంటారు. లైటు పడగానే అవి ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి, పగడం విసర్జించిన దాన్ని అవి వాడుకుంటాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం నడవాలంటే బయటి నుంచి కొంచెం నత్రజని, కొంచెం భాస్వరం వస్తూ ఉండాలి. రాకపోతే కణాల సంఖ్య తగ్గుతుంది, పగడం పాలిపోతుంది, ముడుచుకుంటుంది, చిక్కిపోతుంది. నువ్వు రాసిన లక్షణాలు అవే.

మీ మిత్రులు సముద్రం గురించి అన్నది సగం నిజం. పగడపు దిబ్బల దగ్గర నీళ్ళు పట్టి కొలిస్తే నైట్రేట్, ఫాస్ఫేట్ నిజంగానే చాలా తక్కువ కనిపిస్తాయి. అంత బీద నీళ్ళలో అంత జీవం ఎలా నిలుస్తోందన్న ప్రశ్న డార్విన్ పేరుతోనే వాడుకలో ఉంది. కానీ అక్కడ నీళ్ళు నిలబడి ఉండవు. కాలువలో మోకాలి లోతే ఉన్నా రాత్రీ పగలూ పారుతుంటే ఎకరాలకు ఎకరాలు తడుస్తాయి కదా. అలాగే ఒక్కో పగడం మీదుగా రోజుకి ఎన్నో వేల లీటర్లు పారతాయి. ఆ నీళ్ళతో ప్లాంక్టన్ వస్తుంది, చేపల రెట్ట వస్తుంది. నీ ట్యాంకు కుండలాంటిది. అందులో సున్నా అంటే నిజంగా ఏమీ లేదనే.

ఇప్పుడు నీ రాకపోకలు లెక్క వేద్దాం. లోపలికి వచ్చేది మూడు చిన్న చేపలకు రోజు విడిచి రోజు వేసే చిటికెడు మేత. బయటికి తోడేవి స్కిమ్మర్, ఐరన్ గుళికలు, కీటో నాచు, వెనిగర్, నీటి మార్పు. ఇవి ఐదు. ఆరోది నువ్వు లెక్కలో పెట్టుకోని ఎండు రాయి. సున్నపు రాయికి ఫాస్ఫేట్‌ని తనలోకి లాక్కునే గుణం ఉంది. కొత్తగా పెట్టిన ఎండు రాయి చాలా నెలలపాటు ఎండిన చేనులా పీలుస్తూనే ఉంటుంది. 250 లీటర్లకు, మూడు చేపలకు ఇన్ని తోడుడు యంత్రాలు ఎందుకు చెప్పు?

వెనిగర్ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలిసినదే, పేరు మారింది అంతే. చెరువులో అమ్మోనియా పెరిగితే నాన్నగారు బెల్లమో మొలాసిసో చల్లుతారు కదా. ఆ తీపి తిని బ్యాక్టీరియా పెరుగుతుంది. పెరగడానికి నీళ్ళలోని నత్రజనిని వాడేసుకుంటుంది. వెనిగర్ చేసే పనీ అదే. చెరువులో టన్నుల కొద్దీ మేత పడుతుంది కాబట్టి అక్కడ ఆ వైద్యం అవసరం. నీ ట్యాంకులో బ్యాక్టీరియా లాక్కునేది పగడాల నోటి ముందుదే.

కొలతల విషయం ఒకటి అడగాలి. నువ్వు చూసింది నైట్రేటేనా, నైట్రైటా? ఒక్క గుణింతం తేడా, అర్థం మాత్రం పూర్తిగా వేరు. చెరువు నీళ్ళకి మా ల్యాబుల్లో మామూలుగా చూసేది నైట్రైట్, అది సున్నా ఉంటేనే సంతోషం. నైట్రేట్ సున్నా ఉండకూడదు. చెరువుల కిట్టు వాడి ఉంటే ముందు అది తేల్చుకో. ఫాస్ఫేట్‌కి రంగు పోల్చుకునే కిట్టు ఈ పనికి చాలదు. మనకు కావలసిన తేడాలు 0.02, 0.03 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాము) దగ్గర ఉంటాయి, ఆ నీలి ఛాయల తేడా కంటికి దొరకదు. హన్నా వాళ్ళ చిన్న డిజిటల్ మీటరు, అల్ట్రా లో రేంజ్ ఫాస్ఫరస్‌ది, కొనుక్కో. ఈ ట్యాంకు మీద ఇంకేం కొనకపోయినా ఫర్వాలేదు, అది కొను. అది చూపించే అంకె ఫాస్ఫేట్ కాదు, భాస్వరం, అదీ పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు). దాన్ని 3.066 తో గుణించి 1000 తో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎంలో వస్తుంది. మీటరు 15 అంటే ఫాస్ఫేట్ సుమారు 0.046. అయిదు అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి 2, 3 కనిపిస్తే అది సున్నాయే అనుకో.

నీకు నేను చెప్పే లక్ష్యం నైట్రేట్ 5 పీపీఎం, ఫాస్ఫేట్ 0.05 పీపీఎం దగ్గర. నీవన్నీ మెత్తని పగడాలు కాబట్టి నైట్రేట్ 10 వరకు వెళ్ళినా బాధ లేదు. రెండూ కలిసి పెరగాలి, ఇది మరిచిపోవద్దు. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2013 లో చూపించింది ఇదే: నైట్రేట్ పుష్కలంగా ఉండి ఫాస్ఫేట్ లేకపోతే వేడికి, వెలుతురుకి తట్టుకునే శక్తి పగడాలకు తగ్గిపోతుంది, త్వరగా తెల్లబడతాయి. నత్రజని చూసి లోపలి నాచు కణాలు పెరగబోతాయి, భాస్వరం దొరక్క కుదేలవుతాయి. చేలో యూరియా ఒక్కటే వేసి భాస్వరం వెయ్యకపోతే పైరు ఏమవుతుందో మీ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

పని మొదలుపెట్టేది పోషకాల ద్రావణాల సీసాలతో కాదు. ముందు తోడటం తగ్గించాలి. ఐరన్ గుళికలు ఈరోజే తీసెయ్యి, ఒక్కసారిగా తీసినా ప్రమాదం లేదు. వెనిగర్ మాత్రం ఒక్కసారిగా ఆపకు. దాని మీద బతికే బ్యాక్టీరియా ఒకేసారి చస్తే నీళ్ళు తెల్లబడి ఆక్సిజన్ పడిపోవచ్చు. నాలుగు రోజులకు 5 మి.లీ. చొప్పున తగ్గిస్తూ పోతే రెండు వారాల పైచిలుకుకి మానెయ్యొచ్చు. స్కిమ్మర్‌ని రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు వరకే నడుపు. చెరువులో ఏరేటర్లు తెల్లవారుజామున ఎందుకు ఆపరో ఇక్కడా అంతే, రాత్రి ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి ఆ వేళ స్కిమ్మర్ బుడగలు కావాలి. కీటోని పూర్తిగా తీసెయ్యకు, లైటు ఆరు గంటలకు తగ్గించు. అది కూడా తెల్లబోయి పెళుసుగా ఉండి ఉంటుంది చూడు, దానికీ తిండి లేదు. నీటి మార్పు ఆరు వారాలు ఆపి, తర్వాత మూడు వారాలకొకసారి పది శాతం చాలు.

ఆ తర్వాత మేత. రోజు విడిచి రోజు కాదు, రోజుకి రెండు పూటలు, రెండు నిమిషాల్లో తినేసేంత. చేప తిని మొప్పల ద్వారా వదిలే అమ్మోనియా పగడంలోని నాచు కణాలకు నైట్రేట్ కంటే ఇష్టమైన తిండి. సీసాలోంచి పోసే నైట్రేట్ ఎప్పుడూ దాని తర్వాతే. అందుకే మేతని ముందు పెట్టాను. మన ప్రాంతంలో ఉన్నందుకు నీకొక వెసులుబాటు ఉంది. హేచరీల్లో రొయ్య పిల్లలకు వేసే ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే రొయ్య లాంటి చిన్న జీవి) గుడ్లు ఇక్కడ సులువుగా దొరుకుతాయి. లీటరు నీళ్ళలో 25 గ్రాముల ఉప్పు వేసి, 28 డిగ్రీల దగ్గర, గాలి పెట్టి, మీద లైటు ఉంచితే 24 గంటల్లో పొదుగుతాయి. పెంకులు పైకి తేలాక కింద చేరిన పిల్లల్ని గొట్టంతో లాగి, జల్లెడలో మంచినీళ్ళతో కడిగి వెయ్యి. చేపలు పండగ చేసుకుంటాయి, జోవాంథిడ్లు కూడా అందినవి పట్టుకుంటాయి.

చెరువు రొయ్యని మాత్రం పచ్చిగా తరిగి వెయ్యకు. ఇంట్లో రొయ్యలకు కరువు లేదు కాబట్టి నీకు ఈ ఆలోచన వస్తుంది. వైట్ స్పాట్ వైరస్ ఫ్రీజర్లో పెట్టినా చావదు, నీ క్లీనర్ రొయ్యకీ సోకగలదు. బాగా ఉడికించిన ముక్క అయితే పర్లేదు. చెరువు దగ్గర్నుంచి వచ్చాక చేతులు మోచేతుల దాకా కడుక్కుని గాని ట్యాంకు ముట్టుకోకు. అలాగే ట్యాంకులోంచి తీసిన నీళ్ళు చెరువు గట్టు మీదో పంట కాలువలోనో పారబొయ్యకు.

వారం గడిచాక కొలిచి చూడు. అప్పటికీ రెండూ సున్నానే అయితే, నీ రాయి సంగతి తెలుసు కాబట్టి అలాగే ఉంటుందనుకుంటున్నాను, అప్పుడు సీసాలు. ఇక్కడ నాన్నగారి మాటకు వస్తాను. మన దేశంలో యూరియాకి 2015 నుంచి వేప పూత తప్పనిసరి చేశారు. వేప నూనె పైరుకి మేలు, నీ ట్యాంకులోని రొయ్యకీ, రాళ్ళ సందుల్లోని చిన్న చిన్న పురుగులకీ కాదు. సూపర్‌లో, డీఏపీలో మలినాలుంటాయి, ఎకరం చెరువుకి అవి లెక్కలోకి రావు, 250 లీటర్లకు వస్తాయి. డ్రిప్పుకి వాడే 13-0-45, 0-52-34 బస్తాల్లో ఉన్నవి నిజానికి మనకు కావలసిన లవణాలే, మొదటిది పొటాషియం నైట్రేట్, రెండోది మోనో పొటాషియం ఫాస్ఫేట్. కానీ శుద్ధి నమ్మలేం. చెరువులకు చల్లే మినరల్ మిక్చర్లు అసలే వద్దు, వాటిలో రాగి ఉండొచ్చు. వెన్నెముక లేని జీవాలకు రాగి చాలా కొద్దిగా ఉన్నా విషమే. కాలేజీ ల్యాబులకు కెమికల్స్ అమ్మే షాపులో ఇవే రెండు లవణాలు ఏఆర్ గ్రేడువి, అంటే ల్యాబు పరీక్షలకు వాడేంత శుద్ధమైనవి, అడుగు. వంద గ్రాముల డబ్బాలు ఏళ్ళ తరబడి వస్తాయి.

కలపడానికి మినరల్ వాటర్ ప్లాంటు టిన్ను నీళ్ళు వాడకు. తాగడానికి రుచి ఉండాలని వాటిలో కొంత టీడీఎస్, అంటే కరిగిన లవణాలు, వదిలేస్తారు. టీడీఎస్ సున్నా ఉన్న నీళ్ళే వాడు, ట్యాంకులో ఆవిరైన మేరకు పోసే నీళ్ళు కూడా అవే కావాలి. లీటరు నీళ్ళలో 40 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపితే, ఆ ద్రావణం 10 మి.లీ. నీ 250 లీటర్లలో నైట్రేట్‌ని సుమారు 1 పీపీఎం పెంచుతుంది. దాంతో వచ్చే పొటాషియం 0.6 పీపీఎం. సముద్రపు నీళ్ళలో పొటాషియం 400 దాకా ఉంటుంది కాబట్టి దాని గురించి కంగారు వద్దు. ఇంకో సీసాలో లీటరు నీళ్ళకి ఒక్క గ్రాము మోనో పొటాషియం ఫాస్ఫేట్. దీనిది 3.6 మి.లీ. వేస్తే ఫాస్ఫేట్ 0.01 పీపీఎం పెరుగుతుంది. గ్రాము తూచడానికి వంటింటి త్రాసు పనికిరాదు, బంగారం తూచే లాంటి చిన్న త్రాసు కావాలి. రెండు సీసాల మీదా పెద్ద అక్షరాలతో పేరు, తూకం రాసి పిల్లలకు అందనిచోట పెట్టు.

మొదట రోజుకి నైట్రేట్ ద్రావణం 5 మి.లీ., ఫాస్ఫేట్ ద్రావణం 3.6 మి.లీ. వెయ్యి. రెండు రోజులకొకసారి, ఆ రోజు ద్రావణం వెయ్యకముందే కొలిచి చూడు. నైట్రేట్ త్వరగా కనిపిస్తుంది. ఫాస్ఫేట్ కనిపించదు. వేసింది వేసినట్టు మాయమవుతుంది, రాయి తాగేస్తుంది. అక్కడే ఓపిక కావాలి. రోజుకి 7.2 మి.లీ. దాకా వెళ్ళు, అంటే 0.02. అంతకు మించకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, అయిదేళ్ళ కిందట నా పగడాల ట్యాంకులో నేను ఇక్కడే తప్పు చేశాను. నాలుగు రోజులు వరసగా వేశాను, మీటరు సున్నా. పొడి మంచిది కాదేమో అనుకుని మోతాదు పదింతలు చేశాను. మరో రెండు రోజులు సున్నా. ఆ తర్వాత రాయి కడుపు నిండింది. తొమ్మిదో రోజు పొద్దున మీటరు చూపిన దాన్ని బట్టి ఫాస్ఫేట్ 0.38. నెల తిరిగేసరికి రాళ్ళన్నీ పచ్చటి వెంట్రుకల నాచు. దాన్ని చేత్తో పీకుతూ నాలుగు నెలలు గడిపాను, ఆ నాచు కింద నలిగి ఒక అందమైన జోవాంథిడ్ గుంపు పోయింది. రాయి తాగిన ఫాస్ఫేట్‌ని మళ్ళీ నెమ్మదిగా నీళ్ళలోకి వదులుతుంది కూడా. తొందరపడి నింపితే దించడం చాలా కష్టం.

ఇప్పుడు ఆ గోధుమ రంగు జిగురు. పొద్దున పలుచగా ఉండి, మధ్యాహ్నానికి లైట్ల కింద దట్టమై, తీగల్లా సాగి, కొసల్లో బుడగలు నిలిస్తే అవి చాలావరకు డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులే. పోషకాలు సున్నా అయిన ట్యాంకుల్లో ఇవి విజృంభిస్తాయి, ఎందుకంటే వీటితో పోటీపడే మామూలు నాచులు, బ్యాక్టీరియా అప్పటికే చిక్కిపోయి ఉంటాయి. ఖాళీ అయిన నేలలో కలుపు లేచినట్టు ఇవి లేస్తాయి. జిగురు కనిపించగానే ఇంకా శుభ్రం చెయ్యాలనిపిస్తుంది, ఇంకా శుభ్రం చేస్తే ఇంకా పెరుగుతుంది. ఈ గొలుసులో పడి మంచి మంచి ట్యాంకులు ఎత్తేసిన వాళ్ళు నాకు తెలుసు. నీది అంత దూరం రాలేదు.

ఏ రకమో చూడాలి. మధ్యాహ్నం ఆ జిగురు కొంచెం ట్యాంకు నీళ్ళతోనే చిన్న సీసాలో పట్టుకుని, గంటలోపు దగ్గర్లోని ఏదో ఒక ఆక్వా ల్యాబుకి తీసుకెళ్ళు. రొయ్య మొప్పలు చూసే మైక్రోస్కోపు ప్రతి ల్యాబులోనూ ఉంటుంది. 400 రెట్లలో చూడమను. నీటి బొట్టు ఆకారంలో ఉండి, ఒకచోట కట్టేసినట్టు గిరగిరా తిరుగుతుంటే ఆస్ట్రియాప్సిస్. కోడిగుడ్డు ఆకారంలో ఉండి జారుకుంటూ పోతుంటే యాంఫిడీనియం. కదలకుండా గాజు పెట్టెల్లా ఉంటే అవి డయాటమ్‌లు, వాటితో బెంగ లేదు. మొదటి రకం రాత్రిపూట నీళ్ళలోకి తేలుతుంది కాబట్టి యూవీ లైటు (నీళ్ళలోని సూక్ష్మజీవుల్ని చంపే దీపం) బాగా పనిచేస్తుంది. రెండోది ఇసుకని వదలదు, దానికి యూవీ డబ్బు దండగ. రెండింటికీ పోషకాలు పైకి తేవడమే అసలు పని. ఆ లోపు మధ్యాహ్నం పూట సన్నటి గొట్టంతో జిగురుని లాగి, గుడ్డ సంచీలో వడగట్టి, నీళ్ళు మళ్ళీ సంపులోకే పంపు. నీళ్ళు పోకూడదు, జిగురు మాత్రమే పోవాలి.

గ్లవ్స్ వేసుకో. ఆస్ట్రియాప్సిస్ విషం వదులుతుంది, నత్తలు చచ్చేది అందుకే. నీ జోవాంథిడ్లలో కూడా కొన్నిటికి పాలీటాక్సిన్ అనే చాలా తీవ్రమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని ఎప్పుడూ ఉడకబెట్టకు, వేడినీళ్ళు పొయ్యకు, బయట ఆరబెట్టి బ్రష్షుతో గీకకు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు వేరే దేశాల్లో జరిగాయి. చేతికి పుండు ఉంటే ఆ రోజు ట్యాంకు జోలికి వెళ్ళకు.

అంతర్వేది నీళ్ళు వద్దు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు అది. జూలై నుంచి వరద రోజుల్లో ఆ నీళ్ళు ఉప్పు తగ్గి ఎర్రమట్టితో వస్తాయి. వేసవిలో ఉప్పు పెరిగినా చెరువుల నుంచి వదిలిన నీళ్ళు, వాటితో వచ్చే రోగాలు కలుస్తాయి. మన తీరంలో పగడపు దిబ్బలు పెరగకపోవడానికి కారణం కూడా ఆ మంచినీళ్ళూ ఆ బురదే. మన దేశంలో అవి మన్నార్, కచ్ సింధుశాఖల్లో, లక్షద్వీప్, అండమాన్ నికోబార్ దీవుల్లో ఉన్నాయి. ఎవరైనా అక్కడి రాతి పగడం తక్కువ ధరకి ఇస్తామంటే తీసుకోకు. రాతి పగడాలన్నిటినీ 2001 లోనే వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, సముద్రంలోంచి తీయడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ దిబ్బలు ఇప్పటికే వేడికి తెల్లబడి చస్తున్నాయి. అక్కడినుంచి ఒక్క ముక్క కూడా మన హాల్లోకి రాకూడదని నా మనసుకి గట్టిగా ఉంది.

కోలుకునే రోజుల్లో లైటు మూడో వంతు తగ్గించు. పాలిపోయిన పగడానికి వెలుతురు అడ్డుకునే రంగు తక్కువ, నీడ మేలు చేస్తుంది. ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ళ శక్తి) 7 నుంచి 8 డీకేహెచ్ మధ్య కదలకుండా ఉంచు. చెరువు లెక్కలో అది 125 నుంచి 143 పీపీఎం, ఏ ఆక్వా ల్యాబులోనైనా నమ్మకంగా కొలిచి ఇస్తారు. ఉప్పు 35 పీపీటీ, అంటే కిలో నీళ్ళలో 35 గ్రాములు. ఇంతకు మించి ఏదీ ముట్టుకోకు, కొత్త మందులూ సప్లిమెంట్లూ ఏవీ కొనకు.

రెండు మూడు వారాలకు జోవాంథిడ్లు ముందుగా విచ్చుకుంటాయి. మష్రూమ్‌ల రంగుకి రెండు నెలలు పట్టొచ్చు. లెదర్ విషయంలో ఒకటి గుర్తుపెట్టుకో. అది కోలుకునే ముందు మైనం పూసినట్టు మెరుస్తూ, వారం రోజులు ముడుచుకుని, పైపొర వదిలేస్తుంది. అది చూసి మళ్ళీ భయపడి మోతాదులు మార్చకు. పంపు ధార కొంచెం దానివైపు తిప్పితే పొర ఊడిపోతుంది. జిగురు అన్నిటికంటే ఆఖర్న పోతుంది, మధ్యలో ఒకసారి పెరిగినట్టు కూడా కనిపిస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టుకో.

నాన్నగారికి చెక్ ట్రే (చెరువులో మేత మిగిలిందో లేదో చూసే పళ్ళెం) చూసి మేత పెంచడం, తగ్గించడం ఎలాగో బాగా తెలుసు. నీ మీటరు అంకెలు ఒక నోటుబుక్కులో రాసి ఆయనకు చూపించు, ఆయన చూపు నీకు ఉపయోగపడుతుంది. వారం రోజులు సీసాలు ముట్టుకోకపోయినా నైట్రేట్ 5 దగ్గర, ఫాస్ఫేట్ 0.05 దగ్గర నిలబడ్డాయంటే మేత ఒక్కటే సరిపోతోందని అర్థం. అప్పుడు ఆ రెండు సీసాలూ పైన పెట్టేసి, ఇంకో రెండు చేపలు తెచ్చుకో. రెండూ ఒకేసారి కాదు, నెల తేడాతో.